ఏడ్చినవాడి ఊపిరి

బనె గొప్ప వైద్యుడేం కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే నయం. తరవాకా ఏటి మీద అడవిలో బతికే మా హుని కుయిన్ జనం ఊళ్ళలో పాట పాడి రోగాన్ని ఒంట్లోంచి బయటికి పిలిచే పెద్దలున్నారు, ఆకు నలిపి వాసన చూసి అది ఏ నొప్పికి పనికొస్తుందో చెప్పే ముసలమ్మలున్నారు. బనెకి పాట రాదు. ఆకుల్లో తెలిసినవి కొద్దే. వేటకెళితే సగం రోజులు ఉత్తచేతులతో తిరిగొస్తాడు. అతని భార్య అయాని రేవులో బట్టలుతుకుతూ అందరూ వినేట్టు అనేది: "మా బావ తుపాకీ ఎత్తాడంటే కోతులు చెట్టు దిగి దగ్గరికొస్తాయి, తమాషా చూడ్డానికి." ఆడవాళ్ళు విరగబడి నవ్వేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే బనె కూడా నవ్వేవాడు.

అతనికి ఉన్నదల్లా ఊపిరి.

పొడుం ఊదించుకోవాలంటే ఊరంతా బనె దగ్గరికే వచ్చేది. వరసగా వేట తప్పుతున్నవాడు, లేస్తూనే తల బరువెక్కేవాడు, కల్లో చచ్చినవాళ్ళు కనిపించి రమ్మంటున్నారని భయపడేవాళ్ళు, ఏ జబ్బూ లేకుండా ఊరికే ఒంట్లో సత్తువ చచ్చినవాళ్ళు. ఎముక గొట్టం ఒక కొస వాళ్ళ ముక్కులో, రెండో కొస బనె నోట్లో. కొంతమంది ఊదితే చెంపమీద కొట్టినట్టుంటుంది. బనె ఊపిరి నెమ్మదిగా మొదలయ్యేది, చివర్లో ఒక్క తోపు తోసేది. కళ్ళలో నీళ్ళు, గొంతులో చేదు, ఒక వాంతి. ఆ తర్వాత తల లోపల ఎవరో చీపురు పట్టి ఊడ్చి వెళ్ళినట్టుండేది. నేను ఊదించుకున్నవాణ్ణే కాబట్టి చెబుతున్నాను.

పొడుం కూడా అతనే చేసేవాడు. పొయ్యి పైన వేలాడదీసిన పొగాకు, త్సును చెట్టు బెరడు కాల్చిన బూడిద, అంతే. రోట్లో దంచి, పాత చొక్కా గుడ్డలో వస్త్రగాళితం పట్టి, మళ్ళీ దంచేవాడు. దంచే రోజుల్లో తీపి ముట్టేవాడు కాదు, చెరకు ముక్క కూడా. తీపి తగిలిందంటే మందులోని చేదు పారిపోతుందని మా నమ్మకం. ఇంట్లో ఆ పూట మాటా మాటా వచ్చిందంటే రోలు బోర్లించేసేవాడు. అయాని వేళాకోళం చేసేది. "నాతో పోట్లాడి పని ఎగ్గొట్టడానికి ఇదొక వంక."

ఆ పట్టింపు వెనక ఉన్నది ఒకే ఒక్క నియమం. గొట్టంలోంచి పొడుం ఒక్కటే పోదు, ఊదేవాడి లోపల ఏముంటే అదీ పోతుంది. కోపం ఉంటే కోపం, దిగులుంటే దిగులు. ఇది ఏటి పొడుగునా అందరికీ తెలిసిందే. బనె మాత్రం దాన్ని అందరికంటే గట్టిగా పట్టుకుని కూచున్నాడు.

డువా అని మా ఊళ్ళో పెద్ద ఆకారం మనిషి ఒకడున్నాడు. పడవ ఇంజను గురించి తమ్ముడితో తగువు పడి, అదే పూట మనవరాలికి పొడుం ఊదబోయాడు. బనె దారిన పోతూ చూసి, ఇంట్లోకెక్కి గొట్టం లాగేసుకున్నాడు.

"ఏంటిది?" అన్నాడు డువా.

"నీలో ఉన్న కోపం పిల్లకి పోతుంది. తెల్లార్లూ పళ్ళు కొరుకుతుంది."

"నాకు కోపముందని నీకెవరు చెప్పారు?"

"నీ ముక్కుపుటాలు ఏటి అవతల నుంచి కనిపిస్తున్నాయి."

ఇంకోసారి ఒక ముసలామె. చెల్లెలు చచ్చిపోయి ఎన్నాళ్ళో కాలేదు. శవాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చిన మనిషి. మా ఊళ్ళో అలా ఏడ్చినవాళ్ళు, అంటే అమ్మా నాన్నా తోబుట్టువులూ, కొత్త మొక్కజొన్న కంకులొచ్చి ఊరంతా కలిసి తినేదాకా ఎవరికీ ఊదకూడదు. ఆమె మనవడు ఒళ్ళు కాలిపోతూ పడుకుని ఉంటే ఆగలేక గొట్టం తీసింది. బనె ఆమె చేతిలోంచీ తీసేసుకున్నాడు. తనే ఊదాడు. పిల్లాడికి నయమైంది. కానీ ఆమె ఆ రోజు చూసిన చూపు బాగా లేదు. తన ఏడుపుని అతను మురికిలాగా చూశాడనుకుంది. ఆమె అలా అనుకుందని ఎవరో చెబితే బనె, "మురికని నేననలేదే. బరువన్నాను. పసివాడు మోయలేడు," అన్నాడు.

పోయిన ఎండాకాలం బనె కొడుకు మనా చచ్చిపోయాడు.

కొత్త పొలానికి అడవి కొడుతున్నారు. మనా ఒక పెద్ద చెట్టు నరికాడు. అది పడాల్సిన వైపు పడబోయింది. పైన తీగలు పక్క చెట్టుకి అల్లుకుని ఉన్నాయి. అవి లాగాయి. మొద్దు తిరిగి అతని వైపే వచ్చింది. మేం పడుకునే గుడ్డ ఉయ్యాలలో వేసుకుని మోసుకొచ్చేసరికి అయిపోయింది. పెళ్ళి కుదిరి, ఎగువ ఊరికి మామగారింటికి కాపురం వెళ్ళాల్సినవాడు. ఆ పొద్దున అడవికెళ్ళే ముందు కొడుక్కి పొడుం ఊది పంపింది బనే. ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ నోటితో అనలేదు.

కొడుకుని పూడ్చి వచ్చాక బనె గొట్టాన్ని గుడ్డలో చుట్టి వాసంలో దోపేశాడు. దానికదే నియమం. ఎవరూ చెప్పక్కర్లేదు.

అయాని ఉయ్యాలలో పడుకుంది. మొదట్లో అందరూ పడుకోనిమ్మన్నారు. తర్వాత కూతురు బిమి అరటిపండ్ల గంజి కాచి నోటి దగ్గర పెడితే రెండు గుటకలు మింగి తల తిప్పేసుకునేది. ఆ తర్వాత తల తిప్పడం కూడా మానేసింది. పెదాల మీద పోసిన గంజి పోసినట్టే మెడ మీదికి కారేది. మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ పక్కపక్కనే, మధ్యలో గోడలాంటిదేం లేదు, తాటిచెక్కల అరుగులూ పైన కప్పూ అంతే. కాబట్టి వద్దన్నా కనబడుతుంది. రేవులో అంత నోరున్న మనిషి చెయ్యి ఉయ్యాల అంచు మీంచి కిందికి వేలాడుతూ ఉండేది, దాని మీద ఈగ వాలినా కదిలేది కాదు.

దిగువ నుంచి ఆరోగ్య కేంద్రం నర్సు వచ్చింది. మంచి పిల్ల. ఏరు ఎండి ఇసక తేలిపోయి ఉంటే పడవని సగం దారి తోసుకుంటూ వచ్చింది. వేలు గుచ్చి రక్తం చూసింది, గుండె విన్నది, మలేరియా లేదంది.

"మందివ్వాలంటే నాకు జబ్బంటూ కనిపించాలి కదన్నా," అంది బనెతో. "తిండి తినకపోతే పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళండి."

"ఈ ఏట్లోనా?"

ఆమె ఏటి వైపు చూసింది. నీళ్ళలో కలిపి పట్టే ఉప్పు పొట్లాలు ఇచ్చి వెళ్ళిపోయింది. ఆ ఏడు ఎండ ఎంతలా కాసిందంటే, పట్నం చేరేలోపు బాగున్న మనిషే జబ్బు పడతాడు.

ముసలివాళ్ళు సంగతి తేల్చి చెప్పారు. కొడుకు నీడ ఆమెని పిలుస్తోంది. ఆమె ముఖం అటు తిరిగి ఉంది. ఇటు తిప్పాలి. ఆకుల నీళ్ళు పోశారు. పాట పాడారు. ఇక మిగిలింది పొడుం. గట్టిగా, లోపలి దాకా పోయేట్టు ఊదాలి. చిన్న గొట్టంతో తనకు తానే ఊదుకునే ఓపిక ఆమెకి లేదు. అంతలా ఊదగలిగిన మనిషి ఊళ్ళో ఒక్కడే, అతని నోరు మొక్కజొన్న కంకుల దాకా మూతపడి ఉంది. మొక్కజొన్న ఇంకా నాటనే లేదు.

కొందరు బనెతో అన్నారు కూడా. "నియమం ఎవరి కోసం? నీ పెళ్ళాం కదా, ఊదు." బనె వాళ్ళ వైపు చూసేవాడు కూడా కాదు. డువా ఒక్కడే ఆ మాట ఎత్తలేదు. ఒకసారి పొద్దున్నే వచ్చి అరుగు అంచున చాలాసేపు కూచుని, ఒక చేపల కట్ట అక్కడ పెట్టి లేచిపోయాడు.

ఇంకొక మనిషి ఉన్నాడు. అయాని తమ్ముడు టుయిన్.

ఊదడం బనెకి నేర్పింది అతని మామగారే, అయాని తండ్రి. అల్లుడికీ కొడుక్కీ కలిపే నేర్పాడు. ఇద్దరిలో టుయిన్ ఊపిరే మేలని ఆ రోజుల్లో అనుకునేవారట. తర్వాత టుయిన్ పట్నంలో తాగుడికి పడ్డాడు. ప్రార్థన సంఘం వాళ్ళు అతన్ని లేపి నిలబెట్టారు. అది అబద్ధం కాదు. సారా మానేశాడు, దాంతో పాటు పొగాకూ మానేశాడు. ఇప్పుడు ఏటి వంపు దగ్గర సంఘం ఇంట్లో గిటారు వాయిస్తాడు. కొత్తగా ఎక్కడ నుంచో నేర్చుకున్న పాటలు మా భాషలోకి మార్చి పాడిస్తాడు. మేనల్లుడు చచ్చిపోయిన రోజున దిగువన ఏదో సంఘం సభకి వెళ్ళి ఉన్నాడు. వచ్చేసరికి మట్టి కప్పేశారు.

బనె అతనింటికి వెళ్ళినప్పుడు నేనూ వెంట ఉన్నాను. వలకి తాడు కావాలన్నది నా వంక.

"రా బావా, రా. కాఫీ తాగు," అన్నాడు టుయిన్.

"నీ కాఫీ తాగితే చీమలు నా మూతి పట్టుకుని ఇంటిదాకా వస్తాయి."

"రానీ. చీమలైనా నీ వెనక రానీ. వేటకుక్కలు ఎలాగూ రావు."

బావాబావమరుదులు కలుసుకుంటే అలా మొదలెట్టకపోతే తప్పు. నోళ్ళు వాటంతటవే అన్నాయి. అనేశాక ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు. టుయిన్ కాఫీ గిన్నె పక్కన పెట్టాడు.

"అక్క ఎలా ఉంది?"

"నువ్వొచ్చి చూడొచ్చుగా."

"చూశాను. రోజూ దారిలోంచి చూస్తున్నాను."

"దారిలోంచి నేనూ చూడగలను. ఆమెకి ఊదాలి, టుయినూ."

టుయిన్‌కి ఆ మాట వస్తుందని తెలుసు. అయినా ముఖం పాలిపోయింది.

"సంఘం ముందు నిలబడి మాటిచ్చాను బావా. పొగాకు ముట్టనని."

"ముట్టకు. పొడుం నేను పోస్తాను, గొట్టం నేను పట్టుకుంటాను. నువ్వు ఊదితే చాలు."

"దేవుడికి కనబడదా? నీలాంటి వేటగాడనుకున్నావా ఆయన?"

మామూలప్పుడైతే బనె నవ్వేవాడు. "మీ నాన్న నేర్పినవాళ్ళం ఇద్దరమే మిగిలాం," అన్నాడు. "నేను శవం మీద పడి ఏడ్చాను. నువ్వు ఏడవలేదు."

టుయిన్ గిన్నెలో కాఫీ అరుగు కిందికి పారబోశాడు. తర్వాత, "ఆ మాట అనడానికే వచ్చావు కదూ," అన్నాడు.

"అవును."

"సరే. వస్తాను."

టుయిన్ పంచదార మానేశాడు. ఉప్పూ, మాంసమూ మానేశాడు. కర్రపెండలం, చిన్న చేపలు తింటూ కొత్త నెల పొడిచేదాకా ఆగాడు. నియమం తెలిసినవాడు కాబట్టి అందులో దొంగతనం చెయ్యలేదు. అతని భార్య రేవులో గొణిగేది, "కాఫీ పడక మా ఆయన పొద్దున్నే కుక్కలా మూలుగుతున్నాడు. వదినకి నయమయ్యేలోపు నాకు పిచ్చెక్కుద్ది." అన్నాళ్ళూ గిటారు వినబడలేదు. సంఘం వాళ్ళకి జ్వరమని చెప్పాడని తర్వాత తెలిసింది.

పొద్దు వాలుతుండగా వచ్చాడు. గొడ్ల మేతకి అడవులు తగలబెట్టే కాలం, దిగువ నుంచి పొగ వచ్చి ఆకాశమంతా పట్టేసింది, పొద్దు ఎర్రగా గుడ్డు పచ్చసొనలా ఉంది. అయానిని బిమి వెనక నుంచి పట్టుకుని కూచోబెట్టింది. బనె అరచేతిలో పొడుం పోసుకుని, గొట్టంలోకి ఎక్కించి, టుయిన్ నోటికి ఒక కొస అందించి, రెండో కొస భార్య ముక్కుకి ఆనించాడు.

టుయిన్ చెయ్యి వణుకుతోంది. ఒకసారి తల తిప్పి ఏటి వంపు వైపు, సంఘం ఇంటి దారి వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఊదాడు. ఊపిరి మధ్యలో ఒకచోట తెగి మళ్ళీ అందుకుంది. ముక్కు రెండో పక్కా ఊదాడు. అయాని దగ్గింది, వాంతి చేసుకుంది. చూస్తున్న ఆడవాళ్ళు మంచిదే, మంచిదే అన్నారు. ఆమె కళ్ళు తెరిచింది. అన్నాళ్ళ తర్వాత కళ్ళు తెరిచి మా అందరి వైపూ చూసింది. ఒకరిద్దరు సంతోషంగా పిలిచారు కూడా.

"తలుపు వెయ్యండి," అంది అయాని.

ఎవరికీ అర్థం కాలేదు.

"బిమీ, తలుపెయ్యవే. ఎవరో చూస్తున్నారు."

"మనింటికి తలుపేదమ్మా?" అంది బిమి.

ఆ రోజు నుంచి అంతకు ముందున్న శాంతం కూడా పోయింది. అదివరకు నరికిన మొద్దులా పడి ఉండేది. ఇప్పుడు కుక్క మొరిగితే ఉలిక్కిపడేది. ఉయ్యాల తాడు రెండు చేతులా పట్టుకుని, దారి వైపు చూస్తూ పడుకునేది. కళ్ళు మూసుకోదు. గంజి పడితే ఎవరిచ్చారని అడిగేది. కూతురు చేతిలోది కూడా వాసన చూసేది.

టుయిన్ మర్నాడు వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. పైకి రాలేదు.

"బావా, నేను ఊదుతున్నప్పుడు నా వీపు వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టే ఉంది."

"తెలుసు."

"అదే పోయింది అక్కకి. నా భయమే పోయింది."

"తెలుసు టుయినూ."

"తెలిసి ఎందుకు ఊదనిచ్చావు మరి? డువా చేతిలోంచి లాగేశావే. ముసలామె చేతిలోంచి లాగేశావే. నా చెయ్యి వణుకుతుంటే గుడ్డివాడిలా గొట్టం పట్టుకు నిలబడ్డావే?"

బనె అరుగు మీద కూచుని ఉన్నాడు. అతన్ని చూస్తే ఎంత చిక్కిపోయాడో తెలిసేది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

"ఇంకెవరున్నారురా నాకు?" అన్నాడు.

టుయిన్ వెళ్ళిపోయాడు. సంఘం ముందు నిలబడి ఒప్పుకున్నాడట. వాళ్ళు క్షమించారట. కానీ అక్కకి ఇచ్చినది వెనక్కి తీసుకునే ఉపాయం వాళ్ళ దగ్గరా లేదు, మా ముసలివాళ్ళ దగ్గరా లేదు. ఎగువ ఊళ్ళకి కబురు పంపారు. ఒక ముసలాయన ఉన్నాడు గానీ నడవలేడు, పడవ రాదు. వాన పడితే చూద్దామన్నారు. వాన జాడ లేదు. బనె పొద్దున్నే అడవిలోకి పోయేవాడు, ఎండెక్కాక తిరిగొచ్చేవాడు, చేతిలో ఏమీ ఉండేది కాదు. కళ్ళు ఉబ్బి ఉండేవి. కందిరీగ కుట్టిందనేవాడు.

ఒక పూట మా అరుగు మీద కూచుని వేరుశనక్కాయలు వలుస్తున్నాను. ఆడవాళ్ళు పొలానికెళ్ళారు. బిమి ఏటికి వెళ్ళింది. బనె అప్పుడే అడవి నుంచి వచ్చి కాళ్ళు దులుపుకుంటున్నాడు.

"బావా," అంది అయాని.

"ఊఁ."

"అక్కడ నిలబడింది ఎవరు?"

"ఎవరూ లేరు. అరటిచెట్టు."

"అరటిచెట్టని నాకూ తెలుసు. భయం మాత్రం పోవట్లేదు." ఆమె గొంతు పొడిబారిపోయి, మాట మాటకీ ఆగుతోంది. "ఇది నాది కాదు. టుయిన్‌గాడిది. చిన్నప్పుడు చీకటి పడ్డాక వాడు దొడ్డికెళ్ళాలన్నా నేను తోడెళ్ళేదాన్ని. చెయ్యి ఇలాగే పట్టుకునేవాడు. ఆ భయమే ఇది. గుర్తుపట్టాను."

బనె వచ్చి ఉయ్యాల పక్కన కూచున్నాడు.

"నువ్వు ఊదు," అంది ఆమె.

"నేను ఊదకూడదు."

"ఎందుకూ?"

"తెలిసి అడుగుతావేంటి. నా లోపలున్నది నీలోకొస్తుంది."

"నీ లోపలేముంది?"

వలవడం ఆపేశాను. అక్కడి నుంచి లేచి పోవాల్సింది. లేవలేదు.

"మనా కదా ఉంది," అంది అయాని. "నాలో ఉన్నదీ వాడే. కొత్తగా వచ్చేదేముంది?"

"రెట్టింపవుతుంది అయానీ."

"అవనీ. ఊరి మీద వాళ్ళ భయం మొయ్యడం కన్నా అదే నయం." కాసేపు ఊపిరి తీసుకుంది. "కొడుకుని పూడ్చాక నా ముందు ఒక్కసారి ఏడవలేదు నువ్వు. అడవికెళ్ళి ఏడ్చొస్తున్నావు. కందిరీగంటావు. మన అడవిలో అన్ని కందిరీగలెక్కడివి?"

"వాడికి ఆ పొద్దున ఊదింది నేను."

ఊళ్ళో ఆ మాట ఒకరి నోట్లోంచి రావడం అదే మొదటిసారి.

"నువ్వే," అంది ఆమె. "ఆ గొట్టం కడిగి నీ చేతికిచ్చింది నేను."

బనె లేచి వాసంలోంచి గుడ్డ తీశాడు. మూట విప్పి గొట్టాన్ని ఎండలో పెట్టి లోపలికి చూశాడు, సాలెగూడేమైనా ఉందేమోనని. పొయ్యి పైన డబ్బాలో పాత పొడుం ఉంది. అరచేతిలో పోసుకుని ఉండలు చిదిపాడు. ఆమెని లేపి, తన మోకాళ్ళకి ఆనించి కూచోబెట్టాడు. ఎంత తేలికైపోయిందో, ఎత్తడంలో అతనే తూలాడు.

ఒక పక్కన ఊదాడు.

ఊదిన తీరు నాకు వినబడింది. పాత ఊపిరి కాదు, పొట్టిగా ఉంది, కానీ చివర్లో ఆ తోపు ఉంది. అయాని కళ్ళు మూసుకుంది. ఆమె ఒళ్ళంతా ఒకసారి జలదరించింది. వాంతి రాలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. పొడుంకి ఎవరికైనా కారేవే. అయితే అవి ఆగలేదు.

పొడుం ఎప్పుడూ రెండు పక్కలా పడాలి. ఒక పక్క ఊది వదిలేస్తే మనిషి సగం ఇక్కడా సగం ఎక్కడో ఉండిపోతారంటారు. రెండోది పడేదాకా నడుం వాల్చకూడదు, మాట్లాడకూడదు, నీళ్ళయినా తాగకూడదు. ఇది పిల్లలకి కూడా తెలుసు. అయాని వీపు నిటారుగా పెట్టి, ముఖం పైకెత్తి, రెండో పక్క కోసం కూచుంది.

బనె గొట్టం నింపాడు. నోట్లో పెట్టుకున్నాడు. ఊపిరి లోపలికి తీశాడు, అది గుండెలో ఎక్కడో ఇరుక్కుని ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. ఏడుస్తున్నవాడు ఊదలేడు. ఇది నియమం కాదు, ఎవరైనా ప్రయత్నించి చూడొచ్చు. పొడుం ఆమె పై పెదవి మీదా, తన వేళ్ళ మీదా రాలింది. చెయ్యి తుడుచుకుని మళ్ళీ నింపాడు. మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. భుజాలు ఎగిరిపడుతున్నాయి. గొట్టం పళ్ళకి తగిలి చప్పుడవుతోంది. కొడుకుని మోసుకొచ్చిన రోజు తర్వాత అతను ఏడవడం నేను చూడలేదు. చూస్తే ఎలా ఉంటుందో అనుకున్నదానికంటే ఘోరంగా ఉంది, పెద్దగా చప్పుడు కూడా లేదు.

నేను లేచి వాళ్ళ అరుగు దాకా వెళ్ళాను. ఏం చేద్దామనో తెలీదు. నేను ఊదనా అనడానికి నాకు ఊదడం రాదు. టుయిన్‌ని పిలుద్దామా అంటే ఆమెకి ఆ ఊపిరి మళ్ళీ తగలనివ్వకూడదు. అయాని నా అడుగుల చప్పుడు విని కళ్ళు తెరిచింది. నన్ను చూసి ఉలిక్కిపడలేదు. చెయ్యి కొంచెం ఎత్తి వెళ్ళమని సైగ చేసింది.

బిమి నీళ్ళ బిందెతో మెట్లెక్కి వచ్చింది. తల్లి లేచి కూచుని ఉండడం చూసి ముందు ముఖం విప్పారింది. తర్వాత తండ్రిని చూసింది, గొట్టాన్ని చూసింది, తల్లి పెదవి మీది పొడుం చూసింది. ఎంతదాకా వచ్చిందో అర్థమైంది. చెంబుతో నీళ్ళు ముంచి, నియమం గుర్తొచ్చి, కింద పెట్టేసింది.

"నాన్నా," అంది.

"ఉండవే," అన్నాడు బనె. "ఉండు. వస్తుంది."

ఎండ అరుగు మీంచి కిందికి జారింది. పొలం నుంచి ఆడవాళ్ళు తిరిగొస్తూ దారిలోనే ఆగిపోయారు, ఎవరూ దగ్గరికి రాలేదు. అయానికి మెడ నిలబడడం లేదు. బిమి వెనక కూచుని రెండు అరచేతులతో తల పట్టుకుంది, పక్కకి వాలకుండా. బనె అరచేతిలో పొడుం చెమటకి తడిసి ముద్దయింది. అది పారబోసి, చెయ్యి గుడ్డకి రుద్ది, డబ్బా అడుగున మిగిలిన ఆఖరి చిటికెడు దులిపి పోసుకున్నాడు. గొట్టం నింపి ఆమె ముక్కుకి ఆనించాడు. ఆమె ముఖం ఇంకాస్త పైకెత్తింది. బనె మళ్ళీ ఊపిరి లోపలికి తీశాడు.